చెప్పడానికి ఎక్కిన కొండ

మొన్న పొద్దున మా బిల్డింగు లిఫ్టు పాడైంది. రెండు చేతులకీ కూరగాయల సంచులు తగిలించుకుని మెట్లెక్కుతుంటే, రెండో అంతస్తు మలుపులో ఎవరి వంటింట్లోంచో ఎండిన నారింజ తొక్కలు నీళ్ళలో మరుగుతున్న వాసన వచ్చింది. కాస్త చేదు, కాస్త తీపి, అడుగున అల్లం ఘాటు. సంచులు కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. బహ్రెయిన్‌లోని జింజ్ పేటలో ఈ ఇంట్లో నేను పనికి చేరి ఏడాదిన్నర అవుతోంది. ఆ వాసన మాత్రం ఈ ఇంటిది కాదు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నేను అంతకుముందు ఆరేళ్ళు పనిచేసిన ఇంటిది. ఆ ఇంటి పెద్దావిడ నారింజ తొక్క ఒక్కటి కూడా పారేయనిచ్చేది కాదు. బాల్కనీలో పాత బట్ట పరిచి ఎండబెట్టించేది. బహ్రెయిన్ ఎండకి రెండు రోజుల్లోనే అవి చెక్కముక్కల్లా గట్టిపడేవి. "ఈ దేశంలో ఎండ ఊరికే వస్తుంది. ఊరికే వచ్చినదాన్ని వాడుకోకపోతే తప్పు" అనేది. ఆవిడ గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. నేను బడికి పోయినదాన్ని కాదు. మా మేనత్త ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, వ్రతకథల పుస్తకాలు చేతికిచ్చి కూర్చోబెట్టి చదివించింది. రాయగలిగింది ఏదైనా ఉంటే ఆ పుణ్యమే. తప్పులుంటే అవి నావి.

ఆవిడ చైనావిడ. పేరు నేనెప్పుడూ పలకలేదు. "నైనై అను, మా భాషలో నానమ్మ అని" అన్నారు మొదటి రోజే ఆవిడ కొడుకు. ఆయనకి ఇక్కడ దీపాల దుకాణం ఉండేది. ఇళ్ళకీ హోటళ్ళకీ పెద్ద పెద్ద దీపాలు అమ్మేవారు. ఆయన్ని నేను వెయ్ సార్ అనేదాన్ని. నైనై భర్త పోయాక, ఊళ్ళో ఒంటరిగా ఉంటుందని తల్లిని ఇక్కడికి తెచ్చుకున్నారు. నేను చేరేసరికి ఆవిడ వచ్చి పదేళ్ళు దాటింది. పొట్టి మనిషి. చెవుల దాకా కత్తిరించిన తెల్లటి జుట్టు, ఎడమ చేతికి ఆకుపచ్చ రాతి గాజు, రెండు మోకాళ్ళూ అరిగిపోయిన నడక. మా ఇద్దరి మధ్య మాటలు ఒక కలగూరగంప. దుకాణంలో కుర్రాళ్ళ దగ్గర నేర్చిన హిందీ, బజారు అరబ్బీ, ఇంగ్లీషు ముక్కలు, ఏదీ దొరక్కపోతే చేతులు. ఆవిడకి ఖలాస్, అంటే అయిపోయింది, అనే అరబ్బీ మాట అంటే ప్రాణం. అన్నం ఉడికినా ఖలాస్, కొడుకు మీద కోపం వచ్చినా ఖలాస్. ఇక్కడ ఆవిడ మాటలు నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను. అసలు మాటలు రాస్తే నాకే తిరిగి అర్థం కావు.

చేరిన వారంలోనే నాకు ఒక పాఠం చెప్పింది. బాత్రూముకి వెళ్ళడానికి లేస్తుంటే నేను పరుగున వెళ్ళి రెట్ట పట్టుకున్నాను. విదిలించింది. మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ విదిలించి, నన్ను ఎదురుగా నిలబెట్టి, నా భుజం మీద తన చెయ్యి తనే వేసుకుంది. "చూడు. నువ్వు నన్ను పట్టుకుంటే నేను సామాను. నేను నిన్ను పట్టుకుంటే నేను మనిషిని. తేడా తెలిసిందా?" అంది. తెలిసిందన్నాను. "అయితే యల్లా, పద" అని నా భుజం మీద బరువు వేసి నడిచింది. అంతకుముందు రెండిళ్ళలో పెద్దవాళ్ళని చూసుకున్నదాన్నే. ఆ మాట ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

హాల్లో ఒక మూల ఎర్ర రంగు వేసిన చిన్న బల్ల ఉండేది. దాని మీద తెల్లబట్టలు కట్టుకున్న అమ్మవారి పటం. చేతిలో చిన్న నీళ్ళ కూజా, ముఖంలో చెప్పలేనంత శాంతం. తమ ఊరి కొండ మీది గుడిలో ఉండే తల్లి అని చెప్పింది నైనై. గుడి ఎన్ని వందల ఏళ్ళదో ఎవరికీ తెలియదట. వాళ్ళ తాతగారి తాత చిన్నప్పటికే మెట్లు మధ్యలో అరిగి గిన్నెల్లా పల్లం పడ్డాయట. నా పెట్టె అడుగున సత్యనారాయణ స్వామి పటం ఉండేది. పరాయి ఇల్లు కదా అని బయటికి తీయలేదు. ఒకరోజు బట్టలు సర్దుతుంటే నైనై చూసింది. "ఎవరీయన?" అంది. మా ఊరివైపు కొండ మీద ఉండే స్వామి అని చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. "ఈయనా కొండ మీదేనా? మరి పెట్టెలో పెట్టావేం? ఊపిరాడొద్దూ?" అని ఆ పటాన్ని తనే తీసుకెళ్ళి అమ్మవారి పక్కన నిలబెట్టింది. "ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారు నైనై?" అన్నాను నవ్వుతూ. "మనలాగే. తంటాలు పడతారు" అంది.

రోజూ పొద్దున్నే ఆవిడ ఆ బల్ల ముందు నిలబడి అగరువత్తి వెలిగించి చాలాసేపు మాట్లాడేది. గొణుక్కోవడం కాదు, మామూలు గొంతుతో, పక్కింటావిడతో చెప్పినట్టు. మధ్యలో తనే నవ్వేది కూడా. ఇంత ముసలావిడకి ఇన్నేసి కోరికలేమిటా అనుకునేదాన్ని. ఏడాది పోయాక అడిగేశాను, రోజూ ఏం కోరుకుంటారని. ఆవిడ విచిత్రంగా చూసింది. "కోరుకోవడం ఏమిటి? చెబుతున్నాను" అంది. వెయ్‌కి దగ్గు తగ్గిందనీ, దోసకాయలు లేతగా దొరికాయనీ, సత్యా వాళ్ళ, అంటే నా, చిన్నదానికి పన్ను ఊడిందనీ చెప్పిందట. "ఆవిడకి ఇవన్నీ ఎందుకు?" అన్నాను. "నీకు మీ పిల్లలు ఫోన్ చేస్తే ఎప్పుడూ అది కావాలి ఇది కావాలి అనే అంటారా? అలాగే అంటే నీకు బాగుంటుందా?" అంది. నా పిల్లలిద్దరూ అప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్ళో వాళ్ళ నాన్న దగ్గర ఉండేవారు. పన్నూడిందని చెప్పడానికి చిన్నది చేసిన ఫోను ఎన్నిసార్లు తలచుకున్నానో నాకే తెలుసు.

నేను చేరిన నాలుగో ఏడు వెయ్ సార్ చిన్నాన్న కూతురి పెళ్ళి కుదిరింది. తల్లిని ఊరికి తీసుకెళ్ళాలి, తోడుగా నన్నూ రమ్మన్నారు. ఆ మాట వినగానే నైనై వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు, సంతోషంతో. తర్వాత అసలు సంగతి చెప్పింది. కొడుకు ఇరవై ఏళ్ళవాడై పరాయి దేశాలకి బయలుదేరిన రోజున ఆవిడ ఆ కొండ ఎక్కిందట. జన్మలో ఒక్కసారి అడిగింది, అదొక్కటే. ఎక్కడికి పోయినా సాయంత్రానికి వీడికి ఇంత అన్నం దొరకాలి తల్లీ అని. అలా జరిగితే తిరిగి వచ్చి చెబుతానని మాట ఇచ్చిందట. తర్వాత భర్త మంచం పట్టాడు, ఆయన పోయాడు, తను ఇక్కడికి వచ్చేసింది. చెప్పడం కుదరలేదు. "ఆవిడ ఎదురు చూస్తూ ఉంటుంది. వాడు తిన్నాడో లేదో అని" అంది నైనై. ఆవిడ కళ్ళు చూస్తే అది మాటవరస కాదని తెలుస్తోంది.

వెయ్ సార్ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసి చెప్పారు. "అమ్మ మెట్లెక్కుతానంటుంది. ఎక్కనివ్వకు. కొండ వెనక నుంచి ఇప్పుడు కారు రోడ్డు ఉంది. గుడి గుమ్మం దాకా కారు వెళ్తుంది. డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు కదా. ఆ మోకాళ్ళతో పడిందంటే మళ్ళీ లేవదు. నిన్ను నమ్మి తీసుకెళ్తున్నాను." అలాగే సార్ అన్నాను. ఆయన మాటలో న్యాయం ఉంది. శుక్రవారం నా స్నేహితురాలు సరోజకి ఫోన్ చేసి చెప్పాను. సరోజది భీమవరం వైపు. గుదైబియాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. నోరు మంచిది కాదు, మనసు మంచిది. "ఏవే సత్తెవతీ, అందరూ దుబాయెళ్తారు, నువ్వు దుబాయి దాటి చైనాలో కొండలెక్కుతున్నావా! అక్కడి దేవుడికి తెలుగొచ్చా?" అంది. "దేవుడు కాదే, అమ్మవారు" అన్నాను. "అయితే మరీ మంచిది. నా పేరు మీద ఒక మంచి కఫీల్‌ని అడిగిరా. ఈయమ్మకి రోజుకి మూడు పూటలా కోపమే" అంది. కఫీల్ అంటే ఇక్కడ మనకి వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని.

వాళ్ళ ఊరు చేరేసరికి చలి మొదలైంది. ఆకులు రాలిన చెట్ల నిండా నారింజ రంగు పళ్ళు దీపాల్లా వేలాడుతున్నాయి. అందరూ పొద్దున్నే పల్చటి గంజిలో అన్నం, పక్కన ఊరబెట్టిన కూరగాయలు తింటుంటే, మా ఊరి చద్దన్నం గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అని. పెళ్ళి బాగా జరిగింది. మర్నాడు వెయ్ సార్ బంధువులతో కలిసి టౌనుకి వెళ్ళారు. తొమ్మిదింటికి కారు వస్తుంది, అమ్మని కొండ మీదికి తీసుకెళ్ళమని ముందు రోజే చెప్పారు. నైనై తెల్లవారగానే కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, అగరువత్తుల కట్ట చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "యల్లా" అంది. కారు ఇంకా రాలేదు కదా అన్నాను. "కారు ఎవరికి?" అంది. సార్ వద్దన్నారు నైనై, నేను మాటిచ్చాను అన్నాను. ఆవిడ నన్ను కోప్పడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా అంది. "సత్యా, నేను అడగడానికి నడిచి వెళ్ళాను. చెప్పడానికి కారులో వెళ్ళనా?"

మొక్కు అంటే ఏమిటో తెలిసినదాన్ని. కింది మెట్టు దాకా వెళ్దాం, అక్కడ చూద్దాం అన్నాను. అది నన్ను నేను మభ్యపెట్టుకోవడమేనని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

కొండ మొదట్లోనే రాతి మెట్లు. నిజంగానే మధ్యలో అరిగి పల్లం పడ్డాయి. ఎన్ని పాదాలు తొక్కితే రాయి అలా అవుతుందో అనుకుంటే ఒళ్ళు జలదరించింది. ఆలోచన లేకుండా నా చేతులు చెప్పులు విప్పి సంచిలో పెట్టుకున్నాయి. సంచిలోంచి పసుపు పొట్లం, కుంకుమ పొట్లం తీశాయి. మా వైపు ఆడవాళ్ళం కొండ గుడికి నడిచి వెళ్తే మెట్ల పూజ చేస్తాం. ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి తర్వాతి మెట్టు ఎక్కుతాం. కొండ గుడికి వెళ్తున్నామని తెలిసినప్పుడే పెద్ద పొట్లాలు సర్దుకున్నాను. అక్కడ ఎవరూ అలా చెయ్యరని గానీ, చెప్పులతోనే గుళ్ళోకి వెళ్తారని గానీ నాకు తెలియదు. తెలిసినా మానేదాన్ని కాదేమో. మొదటి మెట్టుకి పసుపు రాశాను. నైనై పైకి అడుగు వేయబోయి ఆగింది. "ఏమిటిది?" అంది. "మెట్టుకి పూజ. ఇది అయ్యాకే ఎక్కాలి" అన్నాను. "ప్రతి మెట్టుకీనా?" "ప్రతి మెట్టుకీ." ఆవిడ పైకి చూసింది. మెట్లు పొగమంచులో కలిసిపోతున్నాయి. "మీ స్వామి ఓపికమంతుడు" అంది.

నలభై మెట్లు దాటాక గానీ నాకు తట్టలేదు. నేను వంగి పసుపు రాసి లేచే లోపు ఆవిడ నా వీపు మీద చెయ్యి ఆనించి నిలబడి ఊపిరి తీసుకుంటోంది. తొందరపడదామన్నా కుదరదు, పై మెట్టు పూజ అవలేదు. ఒక్క అడుగు, ఒక ఆగడం. ఒక్క అడుగు, ఒక ఆగడం. మామూలుగా అయితే పట్టుదల కొద్దీ ఇరవై మెట్లు గబగబా ఎక్కి కూలబడేది ఆవిడ. స్వామీ, ఇదా నీ ఏర్పాటు అనుకున్నాను. కళ్ళు చెమర్చాయి. పాదాలు మాత్రం చలికి ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. వెయ్ సార్. కారు వచ్చి చూస్తే ఇంట్లో ఎవరూ లేరట.

"ఎక్కడున్నారు?" అన్నారు.

"మెట్ల మీద సార్."

"అమ్మకి ఇవ్వు."

ఫోన్ అందించబోతే నైనై చెయ్యి ఊపేసింది. "పనిలో ఉన్నానని చెప్పు" అంది.

"పనిలో ఉన్నారట సార్."

"నీకు ఏం చెప్పాను సత్యా? వెంటనే కిందికి దింపు."

నేను చేతిలో పసుపు వంక చూసుకున్నాను. ప్రతి మెట్టూ లెక్కపెడుతూనే ఉన్నాను. మొత్తం మూడు వందల ఇరవై ఎనిమిదని నైనై ముందే చెప్పింది. "సార్, ఇప్పుడు నూట అరవై నాలుగో మెట్టు మీద ఉన్నాం. సరిగ్గా సగం. దిగినా అన్నే, ఎక్కినా అన్నే" అన్నాను. అబద్ధం చెప్పకూడదని అన్నానే గానీ, తెలివిగా మాట్లాడాలని కాదు. ఆయన ఏదో తమ భాషలో అని ఫోన్ పెట్టేశారు. నా ఉద్యోగం ఆ క్షణంలోనే అయిపోయిందనుకున్నాను. వీసా ఆయన చేతిలో ఉంది. పిల్లల ముఖాలు కళ్ళ ముందు మెదిలాయి. "ఏమన్నాడు?" అంది నైనై. "ఏమీ అనలేదు" అన్నాను. "అయితే తర్వాతి మెట్టుకి బొట్టు పెట్టు" అంది.

ఇంకొంచెం పైకి వెళ్ళాక, పైనుంచి ఒక ముసలాయన రాలిన ఆకులు ఊడుస్తూ మెట్లు దిగి వచ్చాడు. గుడి చూసుకునే మనిషి. మా వెనక ఉన్న మెట్ల వరస చూశాడు. ఒక్కొక్క మెట్టుకీ పసుపు పట్టీ, ఎర్ర బొట్టు. చీపురు పైకెత్తి అరవడం మొదలుపెట్టాడు. నాకు మాట తెలియకపోయినా సంగతి తెలిసింది. ఇన్ని వందల ఏళ్ళ రాళ్ళకి ఎవతో వచ్చి రంగులు పూసింది, అంతే కదా. సిగ్గుతో చచ్చిపోయాను. నైనై ఆయనకంటే గట్టిగా అరిచింది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆయన వంగి పసుపు వేలికి రాసుకుని వాసన చూసి, ఏదో అడిగాడు. నైనై నవ్వింది. "ఇది మందు కదా, కీళ్ళ నొప్పులకి వాడతాం, మెట్లకి రాస్తున్నారేం, మెట్లకి కీళ్ళ నొప్పులా అంటున్నాడు" అంది. ఆయన నా బూడిద రంగు పాదాల వంక చూసి చీపురు దించాడు. పోయేటప్పుడు అంతా కడిగి పోవాలన్నాడట. కడుగుతానని చేతులు జోడించాను.

రెండు వందల తొంభై దగ్గర నైనై కుడి మోకాలు మడత పడిపోయింది. నా వీపు మీది చెయ్యి జారింది. వెనక్కి తిరిగి పట్టుకునేసరికి మెట్టు మీద కూర్చుని ఉంది. పెదవులు పాలిపోయాయి. మా వెంటే పైకి వస్తున్న గుడి మనిషి ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి ఇచ్చాడు. తాగింది. లేవబోయింది, లేవలేకపోయింది. నేను చేసిన పని ఎంత పెద్దదో అప్పుడు కళ్ళ ముందు కనపడింది. ఈవిడకి ఏమైనా అయితే ఆ కొడుక్కి ఏం చెప్పాలి? ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తే లేదు. ఆవిడ చాలాసేపు కొండ కింది పొలాల వంక చూస్తూ కూర్చుంది. తర్వాత అంది, "నువ్వు వెళ్ళి చెప్పిరా." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కూతురి ఇంటికి కబురు పంపే తల్లి గొంతు అది. "నాకు మీ భాష రాదు నైనై. మీ అబ్బాయి ఏం తిన్నాడో నాకంటే మీకే బాగా తెలుసు" అన్నాను. ఆవిడ రెండు చేతులూ వెనక మెట్టు మీద ఆనించింది. ఒంట్లో ఉన్న బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని, కూర్చున్నదే కూర్చున్నట్టు ఒక మెట్టు పైకి జరిగింది.

"కాళ్ళతోనే రమ్మని ఆవిడ అనలేదు కదా" అంది ఆయాసపడుతూ.

అలా ఎక్కింది. మిగిలిన మెట్లన్నీ, వీపు గుడి వైపు, ముఖం ఊరి వైపు పెట్టి, చంటిపిల్లలు మెట్లు దిగినట్టు ఆవిడ ఎక్కింది. నేను ముందు పసుపు రాయడం, ఆవిడ దాని మీదికి జరగడం. నాలుగు మెట్లకి ఆవిడ పంట్లాం వెనకంతా పసుపు, ఎరుపు. గుడి మనిషి పక్కనే ఫ్లాస్కు పట్టుకుని వస్తూ ఆ పంట్లాం చూసి పగలబడి నవ్వాడు. నైనై కూడా నవ్వింది. నవ్వడానికి రెండు మెట్ల దగ్గర ఆగాల్సి వచ్చింది.

పైన గుడి చిన్నది. పెంకుల మీద గడ్డి మొలిచింది, ఎర్ర తలుపుల రంగు పెచ్చులూడింది. గడప ఎత్తుగా ఉంది, మన గడపలాగే తొక్కకూడదట, దాటాలట. నైనై అక్కడ లేచి నిలబడింది. కోటు దులుపుకుంది, నా భుజం పట్టుకుంది, గడప దాటింది. లోపల చల్లగా, పాత ధూపం వాసనగా ఉంది. అదే తల్లి, తెల్లటి బట్టలు, చేతిలో కూజా. నైనై అగరువత్తులు వెలిగించి గుచ్చి, మాట్లాడడం మొదలుపెట్టింది. మా హాల్లో బల్ల ముందు మాట్లాడినట్టే, మామూలు గొంతుతో. ఒక గిన్నెడు అన్నం ఉడికేంతసేపు చెప్పింది. తర్వాత పక్కకి జరిగి, "నువ్వూ చెప్పు" అంది. నేను చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. "అడుగుతున్నావు కదూ?" అంది వెంటనే. కళ్ళు తెరిచి, మీకెలా తెలిసిందన్నాను. "మెడ అలా వాలింది. అడిగేటప్పుడు నాకూ అలాగే వాలింది" అంది. నిజమే. పెద్దవాడి చదువు, ఇంటి కప్పు, సరోజ కఫీల్‌తో సహా జాబితా మొత్తం అందుకుని ఉన్నాను. మెడ ఎత్తి ఆ తల్లి ముఖం చూశాను. "అమ్మా, నాకు ఇద్దరు పిల్లలు. అన్నం తింటున్నారు. బడికి పోతున్నారు. ఈవిడ నన్ను బాగా చూసుకుంటోంది" అన్నాను తెలుగులో. ఇన్నేళ్ళలో ఏ దేవుడికీ నేను ఆ సంగతి చెప్పలేదని అప్పుడు తెలిసింది.

వెనక్కి తిరిగితే గడప అవతల వెయ్ సార్. వెనక రోడ్డు మీద కారులో వచ్చి, ఎప్పటి నుంచి నిలబడ్డారో తెలియదు. నన్ను చూసి నోరు తెరిచారు. ఆయన ఏమనేవారో గానీ, నైనై అడ్డుపడింది. "ఖలాస్. చెప్పేశాను. ఇక కారెక్కుతాను. దిగడానికి మొక్కు లేదు" అంది. ఆయన తల్లి పంట్లాం వెనక చూశారు. కోటు విప్పి కారు సీటు మీద పరిచారు.

నేను మాత్రం బకెట్టు, గుడ్డ తీసుకుని పై మెట్టు దగ్గర కూర్చున్నాను. మాటిచ్చాను కదా. కుంకుమ నీళ్ళకి పోతుంది గానీ పసుపు మొండిది. దానికి నీళ్ళు కాదు, ఎండ తగలాలి. రెండు రోజుల ఎండకి మిగిలింది పోతుందని గుడి ఆయనకి చేతులతో చెప్పి, పోయినంత మేరకు తుడుస్తున్నాను. పది మెట్లు దిగానో లేదో, పక్కన ఇంకో బకెట్టు పెట్టిన చప్పుడైంది. వెయ్ సార్. తల్లిని కారులో ఇంటికి పంపేసి ఆయన ఆగిపోయారు. చొక్కా చేతులు పైకి మడిచి పక్క మెట్టు తుడవడం మొదలుపెట్టారు. వద్దు సార్ అన్నా వినలేదు. అలా ఒకటి ఆయన, ఒకటి నేను. ఒకచోట మెట్టు మీద పేరుకున్న మట్టిలో గట్టిగా నొక్కుకున్న రెండు అరచేతుల ముద్రలున్నాయి. ఆయన వాటిని చూసి, "ఇక్కడి నుంచా కూర్చుని ఎక్కింది?" అని అడిగారు. అవునన్నాను. ఆ మట్టి మాత్రం తుడవలేదు.

చాలా మెట్లు దిగాక, తల ఎత్తకుండానే అడిగారు. "లోపల అంతసేపు ఏం చెప్పింది? నాకు బయటికి సరిగ్గా వినపడలేదు."

"నాకు మీ భాష రాదు సార్. తెలిసిన మాటలు మూడే వినపడ్డాయి. కొడుకు, అన్నం, తింటున్నాడు" అన్నాను.

ఆయన ఆ మెట్టుని చాలాసేపు తుడిచారు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

నా ఉద్యోగం పోలేదు. ఆ సంగతే మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బహ్రెయిన్ వచ్చాక ఇంకో రెండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. దుకాణం మూసి వాళ్ళు తమ ఊరికి వెళ్ళిపోయేటప్పుడు, ఈ జింజ్ ఇంట్లో నాకు పని చూసిపెట్టింది కూడా వెయ్ సారే. పోయిన చలికాలంలో ఫోన్ చేసి, అమ్మ నిద్రలోనే పోయిందని చెప్పారు. మధ్యాహ్నం పూట, కుర్చీలో, కాళ్ళ మీద ఎండ పడుతుండగా. ఏడ్చాను గానీ, ఆ ఏడుపులో బాధ కొంచెమే. అంతకంటే మంచిగా పోవడం ఎలాగో నాకు తెలియదు. ఇక్కడి పెద్దావిడ అరబ్బు మనిషి, తోడు లేకుండా నడవలేదు. మొదటి రోజే ఆవిడ చెయ్యి నా భుజం మీద వేయించుకున్నాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసి, తర్వాత గట్టిగా పట్టుకుంది.

పోయిన శుక్రవారం సరోజా నేనూ మనామా బజారు సందులో ఉన్న గుడికి వెళ్ళాం. సరోజ దేవుడి ముందు చాలాసేపు నిలబడి, బయటికి వచ్చి చెప్పులేసుకుని నాకోసం ఎదురుచూస్తోంది. నేను వచ్చేసరికి విసుక్కుంది.

"ఇంతసేపేంటే? ఏం కోరుకున్నావేంటంత?"

"ఏం కోరలేదు. ఈ వారం సంగతులు చెప్పొచ్చాను. పెద్దోడు పరీక్ష పాసయ్యాడని, ఇంట్లో ముసలమ్మ నిన్న రెండు రొట్టెలు తిందని."

"ఆయనకి తెలీదా ఏంటి? నువ్వు చెప్పాలా?"

"ఆయనకి తెలుసే. నాకు తెలుసో లేదో ఆయనకి తెలియాలిగా" అన్నాను.

సరోజ నన్ను ఎగాదిగా చూసింది. ఏదో ఎకసెక్కం నోటిదాకా వచ్చినట్టుంది, అనలేదు. రోడ్డు వైపు చూసింది, తన చేతి సంచి సర్దుకుంది. "మా మరిదికి నెమ్మదించి ఆస్పత్రి నుంచి పంపేశారే, పది రోజులైంది" అంది, నాతో కాదన్నట్టు. తర్వాత సంచి నా చేతికిచ్చి, చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి వెళ్ళింది.